షామొనీలో స్కీలూ తాడూ: ఏవి మోసుకెళ్ళాలి, ఏవి అక్కడే అద్దెకు తీసుకోవాలి

ఏప్రిల్‌లో ఫ్రాన్స్ ఆల్ప్స్‌లో ఉన్న షామొనీ వెళ్తే ఒకే ప్రయాణంలో రెండు సరదాలూ తీరతాయి. పొద్దున పైన గ్లేసియర్ల (మంచు నదాల) మీద స్కీయింగ్, మధ్యాహ్నం కింద లోయలో ఎండకు ఆరిన బండల మీద క్లైంబింగ్. వినడానికి బాగానే ఉంటుంది. సామాను సర్దేటప్పుడే తల పట్టుకోవాలి. రెండింటికీ హెల్మెట్ కావాలి, హార్నెస్ (నడుముకూ తొడలకూ కట్టుకుని తాడు తగిలించుకునే పట్టీలు) కావాలి, తాడు కావాలి, కానీ ఒకదానికి కొన్నది రెండోదానికి సగమే పనికొస్తుంది. విమానంలో లగేజీ లెక్క ఎలాగూ ఉంది. అందుకని ఆల్ప్స్ అందాల గురించి ఇక్కడ రాయడం లేదు, అవి ఫొటోల్లో బోలెడు దొరుకుతాయి. ఏ సామాను దేనికి పనికొచ్చింది, ఎక్కడ దిగితే సుఖం, ఎవరి సాయం నిజంగా అక్కరకొచ్చింది, అవి చెబుతాను.

ముందు బూట్లు. డబ్బు ఎంత చూసి ఖర్చుపెట్టాల్సి వచ్చినా టూరింగ్ బూట్లు, అంటే స్కీలతోనే కొండ ఎక్కి దిగేందుకు వేసుకునేవి, మాత్రం సొంతవే ఉండాలంటాను. అద్దె బూట్లు ఎందరి పాదాలకో సాగి ఉంటాయి. లిఫ్టెక్కి దిగేవాళ్ళకు అది పెద్దగా తెలియదు. మూడు నాలుగు గంటలు వాలు ఎక్కేవాళ్ళకు మాత్రం అడుగడుక్కీ మడమ కాస్త లేచి రాసుకుంటుంది, ఒక్క పూటలో బొబ్బలెక్కుతుంది. కొనేటప్పుడు లోపలి మెత్తటి లైనర్ తీసేసి, వట్టి షెల్‌లో (బయటి గట్టి తొడుగులో) కాలు పెట్టి, వేళ్ళు ముందుకు ఆనించి, మడమ వెనక ఎంత సందుందో చూడండి. వేలు, వేలున్నర పడితే సరిపోయినట్టే. రెండు వేళ్ళు దాటి దూరితే ఆ సైజు వద్దు. ఇరుకైన చోట షెల్‌ను కాస్త సాగదీయించుకోవచ్చు, లైనర్‌ను వేడి చేయించి పాదానికి తగ్గట్టు అమర్చుకోవచ్చు. పెద్ద షెల్‌ను చిన్నది చేయడం మాత్రం ఎవరివల్లా కాదు. ఇంకోమాట, బూట్లను చెకిన్ బ్యాగులో వేయకండి. స్కీలు దారితప్పితే ఆ ఊళ్ళో వేరేవి వెంటనే దొరుకుతాయి, కాలికి అలవాటైన బూట్లు దొరకవు.

స్కీలు అద్దెకే తీసుకున్నాం, మళ్ళీ వెళ్ళినా అంతే చేస్తాం. స్కీ నడుము దగ్గర, అంటే మధ్యలో, 88 నుంచి 95 మిల్లీమీటర్ల వెడల్పున్నవి అడగండి. చాలామంది కన్ను 105, 110 మీద పడుతుంది. జనవరిలో లోతుగా పడ్డ కొత్త మంచుకు అవి బాగుంటాయి. ఏప్రిల్ పొద్దున గడ్డకట్టిన వాలును అడ్డంగా దాటుతున్నప్పుడు మాత్రం అంత వెడల్పు స్కీకి అంచు పట్టు దొరకడం కష్టం, పైగా ఆ బరువంతా మన తొడలే మోయాలి.

బూటును స్కీకి పట్టి ఉంచేది బైండింగ్. టూరింగ్ స్కీల మీద ఇప్పుడు ఎక్కువగా ఉండేది పిన్ బైండింగే. ఆస్ట్రియాకు చెందిన ఫ్రిట్స్ బార్టెల్ 1980లలో కనిపెట్టిన పద్ధతి ఇది. బూటు ముందుభాగంలో అటూ ఇటూ ఉన్న లోహపు గుంటల్లోకి రెండు పిన్నులు దిగి పట్టుకుంటాయి, ఎక్కేటప్పుడు మడమ వదులుగా లేస్తూ ఉంటుంది. తేలిగ్గా ఉంటుంది, చిక్కల్లా మంచుతోనే. ముందు రెక్కల కింద, స్ప్రింగుల దగ్గర మంచు తొక్కుకుని గట్టిపడుతుంది. టక్‌మని చప్పుడు వస్తుంది, చూడ్డానికి రెక్కలు మూసుకున్నట్టే ఉంటాయి, కానీ పూర్తిగా మూసుకోవు. మొదటి మలుపులోనే స్కీ ఊడి కిందికి పోతుంది. అందుకే దిగేముందు ప్రతిసారీ స్క్రేపర్‌తోనో పోల్ మొనతోనో రెక్కల కింద గీకి, బూటు గుంటలు కూడా శుభ్రం చేసి, ముందుభాగం మాత్రమే తగిలించి కాలు నాలుగుసార్లు ముందుకూ వెనక్కూ ఊపాలి. గుంటల్లో మిగిలింది రాలిపోతుంది. మడమ తొక్కడం ఆ తర్వాతే.

అద్దె దుకాణాలు అన్నీ ఒకలా ఉండవు. మేం మొదట వెళ్ళినచోట కుర్రాడు బూటు పొడవు అడిగి, బైండింగ్ వెనకభాగం జరిపి, స్కీలు చేతికిచ్చేశాడు. బూటు పెట్టి చూపించమంటే మొహం చిట్లించాడు. తీరా పెడితే మడమకూ బైండింగుకూ మధ్య ఆ మోడల్‌కు ఉండాల్సిన కొద్ది మిల్లీమీటర్ల సందే లేదు. అలాగే వాడితే స్కీ వంగినప్పుడు బూటు నొక్కుకుపోతుంది, పడ్డప్పుడు వదలాల్సిన బైండింగ్ సరిగ్గా వదలదు. పక్క వీధిలో ఇంకో దుకాణంవాళ్ళు అడక్కుండానే బూటు బిగించి చూపించారు, బరువూ వయసూ అడిగి రిలీజ్ విలువ (ఎంత బలానికి బైండింగ్ బూటును వదలాలో చెప్పే అంకె) కాగితం మీద రాసిచ్చారు, స్కీ అడుగున అంటించే స్కిన్స్ జిగురు ముట్టుకుని చూడమన్నారు. అద్దె రెండుచోట్లా ఇంచుమించు ఒకటే.

స్కిన్స్ అంటే పైకి ఎక్కేటప్పుడు స్కీ అడుగున అంటించే పట్టీలు. వట్టి నైలాన్‌వి గట్టిగా పట్టుకుంటాయి కానీ ముందుకు సరిగ్గా జారవు, వట్టి మొహేర్‌వి బాగా జారతాయి కానీ త్వరగా అరిగిపోతాయి. రెండూ కలిపి నేసినవి తీసుకుంటే ఏ బాధా లేదు. వాటితోపాటు స్కీకి తగిలించే క్రాంపాన్లు (గట్టి మంచులో దిగే లోహపు పళ్ళు) కూడా అడిగి తీసుకోండి. దుకాణంవాళ్ళు తమంతట తాము ఇవ్వరు, వసంతకాలపు పొద్దున అవి లేకుండా కదలడమే కష్టం.

ట్రాన్స్‌సీవర్ (మంచు కింద ఉన్నవాళ్ళను వెతికే రేడియో పరికరం), ప్రోబ్ (మంచులోకి గుచ్చి చూసే పొడుగాటి కడ్డీ), పార ఒక్కొక్కరి దగ్గరా ఉండాల్సిందే, గుంపుకు ఒక సెట్టు చాలదు. మంచు చరియ కింద కూరుకుపోయినవాళ్ళు బతికే అవకాశం మొదటి 10 నిమిషాలు దాటాక గబగబా పడిపోతుంది, హెలికాప్టర్ వచ్చేదాకా ఆగేందుకు లేదు. ట్రాన్స్‌సీవర్లన్నీ 457 కిలోహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి కాబట్టి గుంపులో తలా ఒక బ్రాండ్ ఉన్నా ఫరవాలేదు, మూడు యాంటెన్నాలున్న డిజిటల్‌ది అయితే చాలు. అద్దెకూ దొరుకుతుంది గానీ, టెన్షన్‌లో వేళ్ళు వాటంతటవే మీటలు నొక్కాలంటే అలవాటైన సొంతదే మేలు. ఫోన్‌కూ దానికీ మధ్య మామూలుగా 20, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్ల దూరం ఉంచమంటారు. మేం వెతికేటప్పుడు ఫోన్ ఆపేసేవాళ్ళం. పార లోహంది కొనండి, చరియ మంచు ఆగిపోగానే కాంక్రీటులా బిగుసుకుంటుంది, ప్లాస్టిక్ పార దానిలోకి దిగదు. ప్రోబ్ 240 సెంటీమీటర్లకు తగ్గకూడదు. మంచు చరియలో పైన తేల్చే, గ్యాస్ సిలిండర్‌తో ఉబ్బే ఎయిర్‌బ్యాగ్ తెచ్చుకునేవాళ్ళు విమానయాన సంస్థ అనుమతి ముందే రాయించుకోవాలి. ఫ్యాన్‌తో ఉబ్బేవాటితో ఆ తలనొప్పి తక్కువ.

ఇక రెండు పనులకూ కలిసొచ్చే సామాను. హెల్మెట్ ఒక్కటి సరిపోతుంది, లోపల క్లైంబింగ్ ప్రమాణం ఈఎన్ 12492, స్కీ ప్రమాణం ఈఎన్ 1077 రెండూ రాసి ఉన్నది దొరికితే. కారబైనర్లు (తాడు తగిలించే లోహపు కొక్కేలు), స్లింగులు (పట్టీ ఉచ్చులు), ప్రుసిక్ తాళ్ళు (పెద్ద తాడును పట్టుకునే ముడి వేసే సన్న తాళ్ళు) కూడా అంతే. హార్నెస్ దగ్గరే తేడా వస్తుంది. గ్లేసియర్ మీదికి వేసుకునేది పల్చగా, తేలిగ్గా, తొడల పట్టీలు పూర్తిగా విప్పుకునేలా ఉండాలి, అప్పుడే స్కీలు తీయకుండా తొడుక్కోవచ్చు. దానితో బండ మీద వేలాడుతూ బిలే చేస్తే, అంటే ఎక్కేవాళ్ళ తాడు పట్టి కాస్తే, పావుగంటలో తొడలు మొద్దుబారతాయి. మెత్తలున్న క్లైంబింగ్ హార్నెస్ మంచులో నీళ్ళు పీల్చి బరువెక్కుతుంది. మేం రెండూ తీసుకెళ్ళాం, బరువు గురించి గొణుక్కోలేదు. తాళ్ళ సంగతీ ఇంతే. మంచు బీటలో పడ్డవాళ్ళను లాగడానికి 30 మీటర్ల సన్న తాడు చాలు, దాని మీద లీడ్ క్లైంబింగ్ (తాడును కింది నుంచి తీసుకెళ్తూ ముందు ఎక్కడం) ఆలోచనే వద్దు. బండలకు 9.8 మిల్లీమీటర్ల 70 మీటర్ల తాడు తీసుకెళ్ళాం, దాన్ని గ్లేసియర్ మీద మోయడం అనవసరపు శిక్ష.

చూసిన చోట్లలో పేరుమోసింది వాలే బ్లాంష్ అనే గ్లేసియర్ స్కీ దారి. ఎగ్వీ దు మిదీ కేబుల్ కారు 3,842 మీటర్ల శిఖరం దాకా చేరుస్తుంది, అక్కణ్ణుంచి దాదాపు 20 కిలోమీటర్ల దిగుడు. స్కీయింగ్ పరంగా అంత కష్టమైంది కాదు. కష్టమల్లా సొరంగం దాటాక వచ్చే సన్నటి మంచు గట్టు. స్కీలు వీపుకు కట్టుకుని, బూట్లకు క్రాంపాన్లు తగిలించి, రెండువైపులా లోయ కనబడుతుంటే కిందికి నడవాలి. క్రాంపాన్లు బూట్లకు సరిపోతాయో లేదో అక్కడ కూర్చుని చూసుకునే వీలుండదు, వెనక జనం తోసుకొస్తుంటారు. ముందురోజు రాత్రే బిగించి చూడండి. చివర్లో మేర్ ద గ్లాస్ గ్లేసియర్ నుంచి మోంతన్వేర్ రైలు దగ్గరికి 500 పైచిలుకు మెట్లెక్కే బాధ 2024లో కొత్త గొండోలా వచ్చాక తీరింది. గ్లేసియర్ కరిగిపోతున్నకొద్దీ ఏటేటా మెట్లు పెంచుకుంటూ పోయారు మరి.

నాకు మటుకు అంతకంటే క్రోషూ–బెరార్ రూట్ నచ్చింది. ఫ్లెజేర్ మీదుగా ఆండెక్స్ లిఫ్టెక్కి, కాస్త ఎక్కి క్రోషూ కనుమ, ఆ తర్వాత బెరార్ కనుమ దాటి, నిశ్శబ్దంగా ఉండే పొడుగాటి లోయలో దిగి ల బ్యుఎ స్టేషన్ దగ్గర తేలతాం, రైల్లో వెనక్కి వచ్చేయొచ్చు. పొద్దున వాలు ఇనుములా ఉంటుంది, స్కీ క్రాంపాన్లు తెచ్చుకోనివాళ్ళు అడుగుకొకసారి వెనక్కి జారుతున్నారు. లిఫ్టులు ఏ తేదీ దాకా నడుస్తాయో చూసుకున్నాకే ఈ ప్లాన్ వేసుకోండి.

క్లైంబింగ్‌కు ఊరి పక్కనే గాయాన్ బండలు ఉన్నాయి. ఎదురుగా చిన్న చెరువు, మొత్తం బోల్టులు కొట్టిన రూట్లు, కాబట్టి డజనున్నర క్విక్‌డ్రాలు (తాడును బోల్టుకు కలిపే జంట కొక్కేలు), తాడు, బిలే పరికరం చాలు, బండ బీటల్లో ఇరికించే క్యాములు మోయక్కర్లేదు. తేలిక రూట్లు తరతరాల కాళ్ళ కింద అరిగి నున్నబడ్డాయి. గ్రేడ్ చూసి తేలికనుకుని ఎక్కితే కాలు జారుతుంది, ఒక మెట్టు తగ్గించుకుని మొదలుపెట్టడం మంచిది. తాడు చివర ముడి వేయకుండా మాత్రం ఎవర్నీ దించకండి, కొన్ని రూట్లు అనుకున్నదానికంటే పొడవు. షూస్ మరీ బిగుతువి తేవద్దు, పొద్దుటి స్కీయింగ్‌తో పాదాలు ఉబ్బి ఉంటాయి.

బస విషయానికొస్తే, షామొనీ నడిబొడ్డున దిగితే దుకాణాలు, కేబుల్ కారు దగ్గర, రాత్రి సందడీ ఎక్కువే. లోయ పై కొసన ఉన్న ఆర్జంతియేర్‌లో దిగడమే మాకు కలిసొచ్చింది. గది చిన్నదే గానీ కింద స్కీ గదిలో బూట్లు ఆరబెట్టే యంత్రం ఉంది. తడి లైనర్లతో రెండోరోజు మొదలుపెట్టి చూసినవాళ్ళకు దాని విలువ తెలుస్తుంది. గది బుక్ చేసేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

కొండ మీది ఆర్జంతియేర్ రెఫ్యూజ్ (కొండలెక్కేవాళ్ళు రాత్రి ఉండే బస) 2,771 మీటర్ల ఎత్తున, ఫ్రెంచ్ ఆల్పైన్ క్లబ్‌ది. 2018లో మధ్యలోని లోగ్నాన్ కేబుల్ కారు స్టేషన్ కాలిపోయాక గ్రాన్ మోంతే అనే స్కీ కొండ కొన దాకా కేబుల్ కారు ఆగిపోయింది, మేం వెళ్ళేసరికి ఇంకా మొదలవలేదు, అందుకే నడక ఎక్కువైంది. దుప్పట్లు వాళ్ళే ఇస్తారు, లోపల వేసుకునే పల్చటి లైనర్ షీట్ మనమే తీసుకెళ్ళాలి. బూట్లు గుమ్మం దగ్గరే వదిలి వాళ్ళిచ్చే చెప్పులు వేసుకోవాలి. స్కిన్స్‌ను పొయ్యికి దగ్గరగా వేలాడదీస్తే జిగురు పాడవుతుంది, కాస్త దూరంగా, గాలాడేచోట వేయాలి. ఎదురుగా ద్రువాత్, కూర్త్ శిఖరాల ఉత్తరపు గోడలు కనిపిస్తుంటాయి. మొత్తం హాల్లో పడుకోవడం పడనివాళ్ళు చెవుల్లో పెట్టుకునే ప్లగ్స్ మరిచిపోవద్దు.

సేవల్లో పూర్తి మార్కులు షామొనీ చర్చి పక్కనున్న ఆఫీస్ ద ఓత్ మోంతాన్యకు (కొండల సమాచారం ఇచ్చే కార్యాలయానికి) వేస్తాను. డబ్బు తీసుకోరు, మ్యాపులు పరిచి ఏ కనుమ మీద మంచు ఎలా ఉందో ఓపిగ్గా చెబుతారు. ఫ్రాన్స్ వాతావరణ సంస్థ మెతియో ఫ్రాన్స్ వాళ్ళ మంచు చరియల బులెటిన్ సాయంత్రంకల్లా మర్నాటిది వచ్చేస్తుంది, 1 నుంచి 5 దాకా ఉండే ప్రమాదస్థాయి అంకె ఒక్కటే చూసి వదిలేయకుండా ఏ దిక్కు వాలు, ఏ ఎత్తు అన్నది చదవండి. గైడ్‌ను వాలే బ్లాంష్‌కు మాత్రమే పెట్టుకున్నాం. తాడు, మంచు స్క్రూలు ఆయనే తెచ్చారు కాబట్టి మా సంచీ కూడా తేలికైంది.

ఇన్సూరెన్స్ విషయంలో ఒక మెలిక ఉంది. ఫ్రాన్స్‌లో స్కీ రిసార్టు హద్దులు దాటిన కొండల్లో ప్రభుత్వ రెస్క్యూ దళం సాధారణంగా డబ్బు అడగదు, రిసార్టు పరిధిలో మాత్రం బిల్లు వస్తుంది. అలా కాక గ్లేసియర్ల మీదుగా కనుమ దాటి త్రియాన్ వైపు దిగితే స్విట్జర్లాండ్, అక్కడ హెలికాప్టర్ ఖర్చు మనదే. ఆ రూట్ వేసుకునేవాళ్ళు పాలసీలో రెండు దేశాల పేర్లూ, ఆఫ్-పిస్ట్ (రిసార్టు చదును చేసిన దారులు దాటి స్కీయింగ్) అన్న మాటా ఉన్నాయో లేదో బయల్దేరేముందే చదువుకోండి.