నాలుగేళ్ళు, అర కిలో హెడ్‌సెట్, ఒక ఇస్త్రీ బల్ల

నిజాంపేటలో నాది చిన్న ఇంటీరియర్స్ ఆఫీసు. నేను, డ్రాయింగులు గీసే ఒక కుర్రాడు, సైట్లో మా వడ్రంగి మేస్త్రి, ఆయన మనుషులు. అంతే. 2021 డిసెంబరు మొదట్లో డాలస్ నుంచి వచ్చిన మా తమ్ముడి సూట్‌కేసులో ఒక వీఆర్ హెడ్‌సెట్ దిగింది. కళ్ళకి కట్టుకుంటే, కంప్యూటర్లో గీసిన గదిలో నిజంగా నిలబడ్డట్టు చూపించే పరికరం అది. ఫేస్‌బుక్ కంపెనీ మెటాగా పేరు మార్చుకుని అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. ఎక్కడ చూసినా మెటావర్స్ మాటే, అంటే మనుషులు బొమ్మల రూపంలో కలుసుకునే కంప్యూటర్ లోకం గురించే. నేను వాడేది ఏ కంపెనీదో రాయను, కింద కొన్ని తిట్లున్నాయి కాబట్టి. కంప్యూటర్ లేకపోయినా తనంతట తాను పనిచేసే రకం, బరువు సుమారు అర కిలో.

కొన్నప్పుడు నా ఆలోచన ఒకటే. ఫ్లాట్ అందంగా కనబడితే అడ్వాన్స్ త్వరగా వస్తుందని. అది తప్పు లెక్క. అందం చూపించడానికి ఫోన్లో పంపే త్రీడీ బొమ్మలు చాలు. హెడ్‌సెట్ నాకు పనికొచ్చింది కొలతల దగ్గర.

మియాపూర్‌లో ఒక ఫ్లాట్. కొడుకు కోడలు ఉద్యోగస్తులు, వంట అత్తగారిది. కిచెన్ ప్లాట్‌ఫాం ఎత్తు అలవాటు ప్రకారం 34 అంగుళాలు వేశాం. డ్రాయింగ్ మీద కొడుకు సంతకం కూడా అయింది. చివర్లో, మొహమాటానికి, ఆవిడకీ హెడ్‌సెట్ పెట్టాం. నాలుగడుగుల పది అంగుళాల మనిషి. స్టవ్ ముందు నిలబడి, గాలిలోనే గిన్నె దింపబోయి, "అమ్మాయ్, ఇంత ఎత్తయితే నా భుజాలు పోతాయి" అన్నారు. కాగితం మీద 34 అన్న అంకె ఆవిడకి ఏమీ చెప్పలేదు. వీఆర్‌లో గది అసలు కొలతలోనే కనబడుతుంది, చూసే కన్ను కూడా మన ఎత్తులోనే ఉంటుంది. 31కి దించాం. గ్రానైట్ పడ్డాక ఈ మాట వచ్చి ఉంటే ఎవరి జేబుకి చిల్లు పడేదో చెప్పక్కర్లేదు.

గాలిలో చెయ్యి ఆనదు కదా. అందుకని ఎత్తు మార్చుకునే ఇస్త్రీ బల్ల ఒకటి ఆఫీసులో పెట్టాను. హెడ్‌సెట్లో ప్లాట్‌ఫాం ఎక్కడ కనబడుతుందో సరిగ్గా అక్కడ, అదే ఎత్తులో బల్ల నిలబెడతాం. చెయ్యి వేస్తే గట్టు తగులుతుంది. ఇప్పటిదాకా నేను పెట్టిన ఖర్చుల్లో ఇంతగా పనికొచ్చింది మరోటి లేదు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. హెడ్‌సెట్ నేల మట్టాన్ని తనే గుర్తిస్తుంది, ఒక్కోసారి రెండు మూడు అంగుళాలు తప్పుతుంది. అప్పుడు ఇల్లంతా తప్పు ఎత్తులో కనబడుతుంది. అందుకని ప్రతిసారీ చేత్తో పట్టుకునే కంట్రోలర్‌ని నేలకి ఆనించి మట్టం సరిచూడకుండా ఎవరికీ పెట్టను. వార్డ్‌రోబ్ తలుపు తెరిస్తే మంచానికి కొడుతుందా, అటక మీది సామాను చేతికందుతుందా అన్న తగువులు కూడా ఇలాగే పది నిమిషాల్లో తేలిపోతున్నాయి.

పని మాత్రం తేలిక కాదు. త్రీడీ డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ స్కెచప్‌లో ఇల్లు కట్టి, దాన్ని నిజంలా చూపించే ఎన్‌స్కేప్ అనే మరో సాఫ్ట్‌వేర్ ద్వారా హెడ్‌సెట్లోకి పంపుతాం. బరువైన మోడళ్ళని హెడ్‌సెట్ ఒంటరిగా మోయలేదు, మంచి గ్రాఫిక్స్ కార్డున్న ల్యాప్‌టాప్ కావాలి. దాని ఖరీదు హెడ్‌సెట్‌కి నాలుగింతలైంది. "చవగ్గా వీఆర్" అని ఎవరైనా చెబితే ఈ ముక్క అడగండి.

అమెరికాలో ఉన్న క్లయింట్లలో దాదాపు ఎవరి దగ్గరా హెడ్‌సెట్ లేదు. వాళ్ళకి వాట్సాప్‌లో 360 డిగ్రీల బొమ్మల లింకు పంపుతాం, ఫోన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంటారు. ఎండాకాలంలో డాలస్‌లో రాత్రి తొమ్మిదయితే మనకి పొద్దున ఏడున్నర, కాఫీ తాగుతూ మాట్లాడుకోవచ్చు. రంగులు, లామినేట్లు, పూజగది తలుపు డిజైను ఇలా తేల్చొచ్చు. ఎత్తులు తేల్చకూడదు. ఆ బొమ్మలో కెమెరా మేం పెట్టిన ఎత్తులో బిగిసిపోయి ఉంటుంది, చూసేవాళ్ళు పొట్టయినా పొడుగైనా ఒకేలా కనబడుతుంది. ఇది తెలియక మొదటి ఏడాది ఒక అద్దం నాలుగంగుళాలు పైకి బిగించి, మళ్ళీ ఊడదీశాం.

అసలు దెబ్బ వెలుగు దగ్గర తగిలింది. మోడల్లో కిటికీ బయట నీలాకాశం, గదినిండా ఎండ. నిజంగా ఆ కిటికీకి కొన్ని అడుగుల దూరంలోనే పక్క అపార్ట్‌మెంట్ గోడ. క్లయింట్ గృహప్రవేశం రోజే నన్ను పక్కకి పిలిచి, "మీరు చూపించింది ఈ ఇల్లేనా?" అన్నారు. కోపం కూడా చేయలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది. అప్పట్నుంచి పక్కవాళ్ళ గోడని, వాళ్ళ వాటర్ ట్యాంకుతో సహా, మోడల్లో కడుతున్నాను. గదులు చీకటిగా కనబడి ఇద్దరు వెనక్కి వెళ్ళిపోయారు. పోనీ.

ఇక వాడకం. కళ్ళు కదిలామంటాయి, చెవి లోపలి భాగం కదల్లేదంటుంది, ఆ తగువు కడుపుకి చేరుతుంది. మొదటి నెల్లోనే ఒకాయన సోఫాలో కూలబడి నిమ్మకాయ సోడా అడిగారు. ఇప్పుడు కంట్రోలర్ క్లయింట్ చేతికివ్వను. ఇంట్లో నాలుగు చోట్లు ముందే ఎంచుకుని, ఒక చోటి నుంచి ఇంకో చోటికి గెంతిస్తాను. పది నిమిషాలు దాటనివ్వను. అర కిలో బరువంతా మొహం మీదే వేలాడుతుంది. కొప్పూ మల్లెపూలూ ఉంటే వెనక పట్టీ కూర్చోదు. ఈ డిజైన్ చేసినవాళ్ళ ఇంట్లో జడలున్న ఆడవాళ్ళే లేరా అని నా అనుమానం. ముక్కు దగ్గర స్పాంజికి పసుపూ కుంకుమా అంటుకుని పోవు. కడుక్కునే సిలికాన్ తొడుగు వేశాక ఆ బాధ తప్పింది. కళ్ళజోడు ఉన్నవాళ్ళకి లోపల ఇరుకే. బ్యాటరీ రెండు గంటలు.

మెటావర్స్ షోరూమ్ సంగతి చెప్పకుండా ఉండలేను. 2022 మొదట్లో ఒక సంస్థ వాళ్ళు వచ్చి, వర్చువల్ ప్రపంచంలో మీ షాపు పెడతామన్నారు. అంతకు ముందు నవంబరులోనే డిసెంట్రాలాండ్ అనే వర్చువల్ లోకంలో ఒక స్థలం 24 లక్షల డాలర్లకి అమ్ముడుపోయిందన్న వార్త చదివి ఉన్నాను. హైదరాబాద్ బుద్ధి కదా, స్థలం రేటు అనగానే చెవులు నిక్కబొడుచుకుంటాయి. డబ్బు కట్టాను. మూడు నెలల్లో వచ్చింది నేనూ, మా తమ్ముడూ, దారి తప్పిన ఒక కార్టూన్ బొమ్మా. ఒక క్లయింట్‌ని బతిమాలి తీసుకెళ్తే, నడుము కింద ఏమీ లేని నా బొమ్మని చూసి "మేడమ్, కాళ్ళేవి?" అన్నారు. కొలతల మాట ఆ రోజు ఎత్తలేదు.

అలాంటి చోట సంపాదించినవాళ్ళు లేకపోలేదు. 2003లో మొదలైన సెకండ్ లైఫ్ అనే ఆన్‌లైన్ లోకంలో బట్టలూ ఫర్నిచరూ చేసి అమ్ముకున్నవాళ్ళున్నారు. అక్కడి స్థలాల వ్యాపారంతో పది లక్షల డాలర్ల ఆస్తి కూడబెట్టానని ఆన్షే చుంగ్ అన్న పేరుతో అక్కడ వ్యాపారం చేసినావిడ 2006లో ప్రకటించింది. కానీ వాళ్ళు అమ్మింది ఆ లోకంలో రోజూ తిరిగేవాళ్ళకి. నా కొనుగోలుదారులు తిరిగేది మియాపూర్ మెట్రో దగ్గర.

హెడ్‌సెట్ ఇంకా పనిచేస్తోంది, చిన్న లోపంతో. రెండో ఏడాది నా పొరపాటు వల్లే సైట్లో బాల్కనీ గట్టు మీద, కటకాలు ఆకాశంవైపు తిప్పి వదిలేశాను. ఎండ ఆ కటకాల్లోంచి భూతద్దంలోంచి పడ్డట్టు పడి, లోపలి తెర కాలింది. కుడికంట్లో ఒక మూల నల్లటి మచ్చ ఉండిపోయింది. వారంటీలో రాదన్నారు. అదేంటని ఎవరైనా అడిగితే, కొత్తింటికి దిష్టిచుక్క అని చెబుతున్నాను. ఇప్పటిదాకా ఎవరూ తీసేయమనలేదు.