ముఖాముఖి ఓట్ల లెక్కింపు: మా సొసైటీలో ఎనిమిదేళ్ల వాడకం తర్వాత

ఈ పద్ధతిని నేను ఇన్నేళ్లు వదలకుండా పట్టుకొని ఉండడానికి ఒకే ఒక కారణం, లెక్కింపు ముగిశాక చేతికొచ్చే పట్టిక. ప్రతి అభ్యర్థినీ మిగిలిన ప్రతి ఒక్కరితో విడివిడిగా పోటీకి నిలబెట్టి, ఎంతమంది ఎవరిని పైన రాశారో చూపించే ఆ గళ్ల కాగితంలో ఓటరు వేసిన ఏ అంకె అయినా ఏదో ఒక గడిలో కనబడుతుంది. హైదరాబాద్‌లో 120 ఫ్లాట్లున్న మా అపార్ట్‌మెంట్ సొసైటీకి 2017 నుంచి ఎన్నికల అధికారిగా ఉంటున్నాను. ఆ కాగితం నాకు ఎంత సంతోషాన్నిచ్చిందో, ఒక వేసవిలో అంత ఇబ్బందిలోనూ పడేసింది.

అభ్యర్థుల పేర్ల ఎదురుగా 1, 2, 3 అని వరుసగా అంకెలు వేసే ప్రాధాన్య ఓటు మనకేమీ కొత్త కాదు. 2021 మార్చిలో హైదరాబాద్-రంగారెడ్డి-మహబూబ్‌నగర్ పట్టభద్రుల స్థానానికి 93 మంది పోటీపడినప్పుడు మా సొసైటీ వాళ్లు చాలామంది ఆ పెద్ద బ్యాలెట్ మీద అంకెలు వేసి వచ్చారు. అయితే అక్కడ అట్టడుగున ఉన్నవారిని తొలగించుకుంటూ వారి ఓట్లను పైవారికి బదిలీ చేస్తారు. తొలగింపు దాకా రాని అభ్యర్థి ఓటర్లు రెండో స్థానంలో ఎవరిని రాశారన్నది ఎవరూ చూడరు. 1969 రాష్ట్రపతి ఎన్నికను తీసుకోండి. మొదటి ప్రాధాన్యంలో వి.వి. గిరికి 4,01,515, నీలం సంజీవరెడ్డికి 3,13,548, సి.డి. దేశ్‌ముఖ్‌కు 1,12,769 విలువ గల ఓట్లు వచ్చాయి. మిగిలిన వారితో పాటు దేశ్‌ముఖ్ ఓట్లను కూడా పంచాక గిరి 4,20,077తో గెలిచారు. గిరికి, రెడ్డికి మధ్య తీర్పు స్పష్టమే. కానీ ఆ ఇద్దరికి మొదటి ఓటు వేసిన వారి బ్యాలెట్లలో రెండో అంకె లెక్కలోకే రాలేదు కనుక, దేశ్‌ముఖ్‌ను ఆ ఇద్దరిలో ఒక్కొక్కరితో పోలిస్తే ఏమయ్యేదో ఆ లెక్కింపు చెప్పదు. నన్ను ముఖాముఖి పోలిక వైపు నడిపించింది ఈ లోటే.

మొదటి ఏడాదే దాని విలువ కళ్లారా చూశాము. అధ్యక్ష పదవికి ముగ్గురు పోటీ చేయగా, పోలైన 81 ఓట్లలో మొదటి ప్రాధాన్యాలు 33, 29, 19గా చీలాయి. తొలగింపు పద్ధతిలో అయితే 19 వచ్చిన ఆవిడ మొదటి విడతలోనే ఇంటికి వెళ్లేవారు. ముఖాముఖిలో మాత్రం ఆవిడ ఒకరిపై 46-35తో, మరొకరిపై 45-36తో గెలిచారు, ఎందుకంటే గొడవపడుతున్న రెండు వర్గాలకూ రెండో మనిషి ఆవిడే. 2009లో అమెరికాలోని బర్లింగ్టన్ మేయర్ ఎన్నికలో దీనికి తలకిందులుగా జరిగింది: ఇద్దరు ప్రధాన ప్రత్యర్థులనూ విడివిడిగా ఓడించగల ఆండీ మాంట్రోల్ మూడో స్థానంలో తొలగిపోయారు, మరుసటి ఏడాది ఆ నగరం ఆ పద్ధతినే రద్దు చేసుకుంది. ఈ ఉదాహరణ చెప్పి ఎంతోమందిని ఒప్పించాను. అయితే ఇప్పుడు ఒక మాట చేర్చాలి. 33 మంది మొదటి ఎంపికను కాదని 19 మంది మొదటి ఎంపికను కుర్చీలో కూర్చోబెట్టినప్పుడు ఆ 33 మందికి కలిగే అసంతృప్తిని అంకెలతో కొట్టిపారేయకూడదు. అప్పట్లో నేను కొట్టిపారేశాను.

లెక్కింపును మేము కమ్యూనిటీ హాల్లో టేబుల్ టెన్నిస్ బల్ల మీద చేస్తాము. ఒకరు బ్యాలెట్ చదువుతారు, ఇద్దరు వేర్వేరు కాగితాల మీద గళ్లలో గీతలు గీస్తారు, నాలుగు నిలువు గీతల మీద ఐదోది అడ్డంగా. రెండు కాగితాలూ కలిస్తేనే ఫలితం. ముగ్గురు అభ్యర్థులైతే మూడు జతలే, గంటలో అయిపోతుంది. ఎనిమిది మందైతే 28 జతలు, అప్పుడు ఎక్సెల్ తప్పదు.

ఇక 2024 మార్చి. పాత బోరు ఎండిపోవడంతో జనరల్ బాడీ ముందు మూడు ప్రతిపాదనలు వచ్చాయి: కొత్త బోరు, ఇంకుడు గుంతలు, అదనపు నల్లా కనెక్షన్. 87 ఓట్లు పడ్డాయి. గుంతల మీద బోరు 56-31తో గెలిచింది. నల్లా మీద గుంతలు 60-27తో గెలిచాయి. ఆఖరి గడి నింపేసరికి బోరు మీద నల్లా 50-37తో గెలిచింది. గీతలు తప్పుగా గీశారేమోనని మొత్తం మళ్లీ లెక్కించాము, అవే అంకెలు. బోరు కోరినవారికి తొందరగా నీళ్లు కావాలి, గుంతలు కోరినవారికి బోరంటే భయం, నల్లా కోరినవారికి పార్కింగ్ తవ్వడం ఇష్టం లేదు. విడివిడిగా ఎవరి వరుస వారికి సబబే, అన్నీ కలిస్తే మాత్రం ఒకదాని తోక మరొకటి పట్టుకున్న చక్రం.

ఇలాంటి చక్రం రావచ్చని ఫ్రెంచ్ గణితవేత్త కోండోర్సే 1785లోనే రాశాడు. నాకు తెలుసు. తెలిసి కూడా, మా బైలాస్ రాసేటప్పుడు "అంత చిన్న సొసైటీలో రాదులే" అనుకొని, వస్తే ఏం చేయాలన్న వాక్యం వదిలేశాను. ఆ తప్పు పూర్తిగా నాదే. అన్నిటికన్నా బలహీనమైన గెలుపును, అంటే ఆ 50-37ను, పక్కన పెడితే బోరు గెలుస్తుందని చెప్పాను. అంతే, ఒక పెద్దాయన పట్టిక చేతిలో పట్టుకొని లేచి, "సార్, 87 మందిలో 50 మంది బోరు కంటే నల్లా నయమని రాశారు. ఆ 50 మందిని మీరు ఏ రూలు కింద పక్కన పెడతారు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. నియమం ఏదైనా సమంజసమే కావచ్చు గానీ, ఏ నియమం పెడితే ఎవరు గెలుస్తారో అప్పటికే అందరికీ తెలిసిపోయింది కనుక, ఏది ప్రతిపాదించినా అది ఎవరో ఒకరి పక్షంగానే కనిపించింది. మొదటి ఓట్లు ఎక్కువ వచ్చినదే గెలిచే పాత పద్ధతిలో అయినా, తొలగింపులో అయినా బోరే గెలిచేది, ఆ 50 అన్న అంకె బయటికి వచ్చేదే కాదు. నేను అంతగా మెచ్చుకున్న పట్టికే సభను నిలువునా చీల్చింది.

ఇలా ముఖాముఖి లెక్కింపునే వాడే డెబియన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సంస్థ వాలంటీర్లు, చక్రం వస్తే ఏ గెలుపును వదలాలో తమ నియమావళిలో ముందుగానే రాసుకున్నారు. ప్రతిపాదనలన్నిటికీ పోటీగా "మళ్లీ చర్చిద్దాం" అన్న ఎంపికను కూడా బ్యాలెట్‌లో పెట్టేవారు. ఆ రెండూ మేము ఏప్రిల్‌లో బైలాస్‌లో చేర్చి, మే నెలాఖరున మళ్లీ ఓటు పెట్టాము. ఈలోగా నల్లాకు అయ్యే ఖర్చు తెలిసి కొందరు మనసు మార్చుకున్నారు; బోరు నల్లాపై 45-39తో, గుంతలపై 51-33తో, "మళ్లీ చర్చిద్దాం"పై అంతకన్నా తేలికగా గెలిచింది. చక్రం రాలేదు. కానీ ఆ రెండు నెలలూ పొద్దున్నే గేటు దగ్గర ట్యాంకర్ కోసం ఎదురుచూసిన వాళ్లలో మోకాళ్ల నొప్పితో కిందికి దిగివచ్చిన వృద్ధులు ఉన్నారు, ఒక్క వాక్యం ముందే రాసి ఉంటే వారికి ఆ అవస్థ తప్పేది.

పోటీ తీవ్రంగా ఉన్నప్పుడు ప్రధాన ప్రత్యర్థిని కావాలని అట్టడుగున రాసేవారు కూడా ఉంటారు. మా దగ్గర నిరుడు ఐదారు బ్యాలెట్లలో అది స్పష్టంగా కనబడింది, ఫలితం మాత్రం మారలేదు. ఎనిమిది పేర్లున్న బ్యాలెట్‌లో మూడో అంకె తర్వాత చాలామంది ఖాళీ వదిలేస్తారు, అలా అంకె పడని పేర్లన్నిటినీ సమానంగా ఆఖరున లెక్కిస్తున్నాము.

వచ్చే ఎన్నికకు కూడా ఇదే పద్ధతి వాడతాను. మాది 90 మందికి లోపే వచ్చి ఓటు వేసే, ఒకరినొకరు ఎరిగిన చోటు. లెక్కించే ఇద్దరి మీద అందరికీ నమ్మకం ఉంది, పట్టికను నోటీసు బోర్డుకు అంటించినప్పుడు చదివి ప్రశ్నించే ఓపిక ఉన్నవారు ఉన్నారు. వెయ్యి ఫ్లాట్ల సొసైటీకి, లేదా ఒకరి మీద ఒకరికి అనుమానం ముదిరిన చోటుకి ఇది సరిపోతుందని నా అనుభవంతో చెప్పలేను. పెట్టాలనుకునేవారు మాత్రం చక్రం వస్తే ఏం చేయాలో మొదటి నామినేషన్ రాకముందే రాసి, సంతకాలు తీసుకోండి.