బొబ్బిలి స్తంభం, పద్మనాభం స్మారకం: ఒకే రోజులో రెండు యుద్ధభూములు

విజయనగరంలో రెండు రాత్రులు బస చేశాను. లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది కానీ, ఇస్తామన్న వేడినీళ్లు రెండు రోజులూ రాలేదు. అయినా ఊరు మాత్రం సరైన ఎంపిక. ఒకవైపు బొబ్బిలి, మరోవైపు పద్మనాభం, రెండింటికీ ఇక్కడి నుంచే వెళ్లిరావచ్చు.

పొద్దున్నే రాయ్‌పూర్ మార్గంలో వెళ్లే రైలెక్కి బొబ్బిలిలో దిగాను. ఆటో అతనికి ‘యుద్ధ స్తంభం’ అని చెబితే చాలు. 1891లో బొబ్బిలి రాజావారు కట్టించిన స్తంభం అది. 1757 జనవరి 24న అక్కడి మట్టికోట మీదికి విజయనగరం ప్రభువు పెద విజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులను వెంటబెట్టుకొని వచ్చాడు. కోట నిలవదని తేలాక లోపలి ఆడవాళ్లను, పిల్లలను సొంతవాళ్లే చంపి, మిగిలినవాళ్లు చివరిదాకా పోరాడారు. ఆ తర్వాత బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు గుడారంలోకి చొరబడి విజయరామరాజును పొడిచి చంపాడు. ఇదంతా బుర్రకథల్లో విన్నదే. అయినా ఆ మట్టి మీద నిలబడితే గొంతు పెగల్లేదు.

మనవడిని వెంటబెట్టుకొని వచ్చిన ఒక పెద్దాయన నన్ను చూసి ఆగారు. “ఆ పసివాడి సంగతి తెలుసా బాబూ?” అని అడిగారు. కోటలోంచి బతికి బయటపడ్డ, బొబ్బిలి రాజు రంగారావుగారి కొడుకు చిన రంగారావు గురించి. ఆ పిల్లవాడి మిగతా కథ కోసమే పద్మనాభం వెళ్లాలి.

మధ్యలో గొల్లపల్లిలో, పనస మొద్దును తొలిచి వీణ చేసేవారి దగ్గర కాసేపు కూర్చున్నాను. గంటకు తక్కువ కేటాయించుకుంటే తనివి తీరదు.

పద్మనాభంలో జనమంతా కొండమీది అనంత పద్మనాభస్వామి కోసం వెయ్యికి పైగా మెట్లెక్కుతారు. కింద ఉన్న, తర్వాతి కాలపు విజయనగరం రాజు చిన విజయరామరాజు స్మారకం దగ్గర నేనొక్కడినే. పేష్కష్ (కప్పం) బాకీ పడ్డాడని ఈస్టిండియా కంపెనీవారు జమీ తీసుకొని మచిలీపట్నం వెళ్లిపొమ్మంటే, ఆయన వెళ్లకుండా ఇక్కడే నిలిచాడు. 1794 జులై 10న కంపెనీ అధికారి ప్రెండర్‌గాస్ట్ సేన ముప్పావు గంటలో అంతా ముగించింది. పరాయి ఫిరంగులతో బొబ్బిలిని కూల్చిన వంశం, 37 ఏళ్లకు మరో పరాయి సేన చేతిలో ఇలా ఒరిగింది. విజయనగరం జమీని ముక్కలు చేసినప్పుడే, బొబ్బిలిని తిరిగి ఆ చిన రంగారావుకు ఇచ్చారు.

రెండుచోట్లా ఎంత వెతికినా, ఒక చోటి కథను రెండోదానితో కలిపి చెప్పే పలక నాకు కనబడలేదు. ఒక్క పలక పెడితే ఎంత బాగుంటుంది! అప్పటిదాకా ఈ కథ తెలిసిన పెద్దవారెవరినైనా వెంట తీసుకెళ్లండి. ముందు బొబ్బిలి చూడండి, ఎండ తగ్గాక పద్మనాభం వెళ్లండి. చీకటి పడక ముందే తిరుగు బస్సు వేళ కనుక్కోండి. నేను అడగకపోవడంతో రోడ్డు పక్క చాలాసేపు నిలబడాల్సి వచ్చింది.