ఫ్లోరా మెక్‌డొనాల్డ్ పుట్టింటి దారి: ఎడిన్‌బరా, సౌత్ ఉయిస్ట్, స్కై

ఫ్లోరా మెక్‌డొనాల్డ్ అంటే స్కాట్లాండ్‌లో ఎవరిని అడిగినా స్కై ద్వీపానికే పొమ్మంటారు. సమాధి అక్కడే, టూరిస్టు బస్సులూ అక్కడికే. బ్రిటన్ సింహాసనం తన స్టువర్ట్ వంశానిదేనని తిరగబడి, 1746లో కలోడెన్ యుద్ధంలో ఓడిపోయి, తల మీద 30,000 పౌండ్ల వెల పెట్టించుకుని పారిపోతున్న ప్రిన్స్ చార్లెస్‌కి ఆడవేషం వేయించి, బెట్టీ బర్క్ అనే ఐరిష్ పనిమనిషిగా పడవ ఎక్కించి స్కైకి దాటించింది కాబట్టి ఆ పేరు అలా ఉండిపోయింది. కానీ ఆవిడ ఎవరి పిల్ల, ఏ ఊరివాళ్ళు, ఎంతపాటి ఇల్లు అని చూడాలంటే మాత్రం స్కై దాటి ఇంకా పడమటికి వెళ్ళాలి. మేం వెళ్ళింది ఆ పని మీదే.

కాగితాల కోసం ముందు ఎడిన్‌బరా. ప్రిన్సెస్ స్ట్రీట్ తూర్పు కొసన ఉన్న జనరల్ రిజిస్టర్ హౌస్ బిల్డింగ్ చూడముచ్చటగా ఉంటుంది, లోపల సిబ్బంది ఓపికగా చెబుతారు, వంశవృక్షం వెతుక్కునేవాళ్ళకి రోజు రుసుముతో కంప్యూటర్ సీటు ఇస్తారు. మీ వెతుకులాట 1855 తర్వాతి మనుషుల గురించైతే పండగే, ఎందుకంటే ప్రభుత్వం జననమరణాలు రాయడం అప్పుడే మొదలైంది. అంతకుముందువి చర్చి రిజిస్టర్లు. ఫ్లోరా పుట్టింది 1722లో, సౌత్ ఉయిస్ట్ ద్వీపంలో, ఆ ద్వీపం చర్చి పుస్తకాలేమో 1800 దాటాక గానీ మొదలుకావు. అంటే ఆవిడ బాప్టిజం ఎంట్రీ కోసం అక్కడ కూర్చుంటే డబ్బు దండగ.

ఇంకో తిరకాసు ఇంటిపేరు. తండ్రి రానల్డ్ మెక్‌డొనాల్డ్, తల్లి మారియన్ పుట్టిల్లూ మెక్‌డొనాల్డ్‌లే, తండ్రి పోయాక తల్లి మళ్ళీ చేసుకున్న హ్యూ కూడా మెక్‌డొనాల్డే, 1750లో ఫ్లోరా కట్టుకున్న ఆలన్ కూడా. పైగా తాతల పేర్లు మనవళ్ళకి పెట్టుకోవడం అక్కడా ఉంది కాబట్టి ఎటు చూసినా ఆంగస్‌లు, రానల్డ్‌లు. అందుకే అక్కడివాళ్ళు మనిషిని పొలం పేరుతో గుర్తుపట్టేవారు: మిల్టన్ రానల్డ్, ఆర్మడేల్ హ్యూ, కింగ్స్‌బరో ఆలన్. ఊరి పేర్లే ఇంటిపేర్లయిన మనకి ఇది చప్పున బుర్రకెక్కుతుంది. మ్యాప్ ముందు పెట్టుకుని వెతికితేనే దారి దొరుకుతుంది.

సౌత్ ఉయిస్ట్‌కి రెండు దారులు. స్కైలోని ఉయిగ్ నుంచి ఫెర్రీ గంటా ముప్పావులో నార్త్ ఉయిస్ట్‌లోని లోక్‌మాడీకి చేరుస్తుంది, అక్కడి నుంచి బెన్‌బెక్యులా మీదుగా సముద్రం మీద కట్టల రోడ్డే. లేదంటే మాలెయిగ్ నుంచి నేరుగా లోక్‌బాయిస్‌డేల్‌కి, మూడున్నర గంటలు. గాలి లేస్తే ఫెర్రీ రద్దవుతుంది, మాకూ అయింది, ఆ రాత్రి గది దొరికేదాకా టెన్షనే. కారుతో వెళ్ళేవాళ్ళు వేసవికి ముందే బుక్ చేసుకోవాలి, అటూ ఇటూ ఓ రోజు ఖాళీ ఉంచుకోవాలి. ద్వీపంలో చాలాచోట్ల ఒకే వరస రోడ్డు, ఎదురుగా బండి వస్తే పక్కనున్న ఖాళీ జాగాలోకి తప్పుకుని చెయ్యి ఊపాలి. ఊపకపోతే కొత్తవాళ్ళని తెలిసిపోతుంది.

ఫ్లోరా పుట్టిన మిల్టన్‌లో చూడ్డానికి ఏముందంటే, మోకాలెత్తు రాతిగోడల శిథిలం, మధ్యలో రాళ్ళు పేర్చి కట్టిన స్మారకం, దాని మీద ఓ ఫలకం. అంతే. టికెట్టు లేదు, కాపలా లేదు, మేం ఉన్నంతసేపూ గొర్రెలు తప్ప ఇంకెవరూ రాలేదు. ఐదు నిమిషాల్లో తిరిగిపోయేవాళ్ళు ఉంటారు, కానీ కాసేపు ఆగి చుట్టూ చూడండి: పడమట సముద్రం దాకా చదునైన పచ్చిక నేల, తూర్పున కొండలు. ఆ చదును నేల విలువైంది. ఫ్లోరా తండ్రి టాక్స్‌మన్, అంటే మెక్‌డొనాల్డ్‌లలో ఒక శాఖ అయిన క్లాన్‌రానల్డ్ అధిపతికి బంధువై ఉండి, ఆయన దగ్గర పెద్ద కమతం గుత్తకి తీసుకుని కింద రైతులకి పంచే పెద్దమనిషి, దాదాపు మన ఇజారాదారు. తల్లి వాళ్ళ నాన్నేమో చర్చి మినిస్టర్. వేసవిలో పశువుల్ని తోలుకెళ్ళే కొండ గుడిసెలోనే ప్రిన్స్‌ని ఫ్లోరా దగ్గరికి తెచ్చారు. పేద పల్లెపిల్ల అన్నట్టు చెప్పే కథలు నమ్మకండి, ఆవిడ బాగా ఉన్నింటి అమ్మాయి.

దగ్గర్లోనే కిల్డోనన్ మ్యూజియం. చిన్నదే, కానీ ఈ యాత్ర మొత్తంలో నాకు నచ్చింది ఇదే. క్లాన్‌రానల్డ్ రాయి ఇక్కడుంది, ఓడ, కోట, సింహం చెక్కిన వంశచిహ్నం. హౌమోర్‌లోని పాడుపడ్డ ప్రార్థనా మందిరం నుంచి 1990లో మాయమై, ఐదేళ్ళకి లండన్‌లో తేలింది. నూనెపట్టిన ఇసుక రంగు, అంచులు అరిగిపోయి ఉన్నాయి, కానీ ఓడ తెరచాప ఇంకా కనిపిస్తుంది. అక్కడ కూర్చున్న పెద్దావిడ మేం అడక్కుండానే మ్యాప్ తీసి ఎవరి పొలం ఎక్కడిదాకానో వేలితో చూపించారు. కేఫ్ ఉంది, చలికాలం మూసేస్తారు.

బస విషయానికొస్తే, లోక్‌బాయిస్‌డేల్ వైపు ఒక ఇంట్లో గది తీసుకున్నాం. శుభ్రంగా, వెచ్చగా ఉంది, శాకాహారులమంటే ఇంటావిడ పొద్దున్నే వేరేగా వండి పెట్టింది. రాత్రి భోజనానికి మాత్రం చేపలు, మాంసమే ఎక్కువ. డలిబర్గ్‌లో కోఆప్ షాపు ఉంది కానీ పులిహోర పేస్టు, అటుకులు పట్టుకెళ్ళడం మంచిది. స్కైలో మేం దిగిన గెస్ట్‌హౌస్‌కి దాదాపు రెట్టింపు కట్టాం. ఇరుకు గది, కారిడార్ చివర బాత్రూం, అడిగితే సీజన్ అన్నారు.

స్కైలో కిల్‌మ్యూర్ సమాధి దగ్గర ఎత్తయిన రాతిశిలువ ఉంది. మొదటి రాతిపలకని చూడ్డానికొచ్చినవాళ్ళే గుర్తుగా ముక్కలు ముక్కలుగా పట్టుకుపోయారు. పక్కనే గడ్డికప్పు ఇళ్ళ మ్యూజియం బాగుంది, పిల్లలుంటే వదలొద్దు. పోర్ట్రీలో ఆవిడ ప్రిన్స్‌కి వీడ్కోలు చెప్పిన సత్రం స్థలంలో ఇప్పుడు హోటల్ ఉంది, దాటిపోవచ్చు. ఫ్లోడిగెరీలో ఆవిడ కాపురమున్న కాటేజీ బయటి నుంచి చూసి వచ్చేశాం.

అసలు వంశం సంగతి తేలాలంటే స్కై దక్షిణాన ఆర్మడేల్. మెక్‌డొనాల్డ్‌ల మ్యూజియం, లైబ్రరీ రెండూ ఉన్నాయి. ముందే ఈమెయిల్ పెట్టి వెళ్తే మంచిది. ఎడిన్‌బరాలో దొరకని కొమ్మలన్నీ ఇక్కడ ఒకే బల్ల మీద పరుస్తారు. మళ్ళీ వెళ్తే నేను మాలెయిగ్ నుంచి లోక్‌బాయిస్‌డేల్, తిరుగుదారిలో ఆర్మడేల్ పెట్టుకుని, ఎడిన్‌బరా చివరికి ఉంచుతాను.

మన కైఫియత్తులు సేకరించిన కాలిన్ మెకంజీది కూడా ఇదే ద్వీపాల వరస, ఉత్తరాన స్టోర్నోవే. ఫ్లోరా కొడుకు జాన్ కూడా ఈస్టిండియా కంపెనీ కొలువులోనే ఇంజినీరుగా చేశాడు, సుమత్రాలో ఎక్కువకాలం ఉన్నాడు. ఆ కొమ్మ పట్టుకోవాలంటే లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు రికార్డులు చూడాలి. రీడర్ పాస్ ఉచితమే, లండన్‌లో ఉండటానికే డబ్బులు.