పాత కార్లతో అరకు: తొమ్మిది బళ్ళు, రెండు రోజులు

నవంబరు చివరి వారంలో మా విశాఖ పాత కార్ల బృందం అరకు వెళ్ళి పాడేరు మీదుగా తిరిగొచ్చింది. గుంపుగా కార్లలో వెళ్ళాలనుకునేవాళ్ళకి పనికొస్తుందని ఎక్కడ ఆగాం, ఎక్కడ పడుకున్నాం, ఏది బాగుంది, ఏది వద్దనిపించింది, అన్నీ రాస్తున్నాను. కుటుంబంతో ఒక్క కారులో వెళ్ళేవాళ్ళకి అరకు గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. తొమ్మిది బళ్ళు ఒకేసారి వెళితే ఆ లెక్కలేవీ పనిచేయవు.

ముందు బళ్ళ సంగతి. రెండు ప్రీమియర్ పద్మినిలు (ఒకటి మాది, మా నాన్నగారు 1986లో కొన్నది), ఒక డీజిల్ అంబాసిడర్, ఒక కాంటెస్సా, మూడు మారుతి 800లు, ఒక జిప్సీ, చివర్లో సామాన్లు మోయడానికి ఒక బొలెరో. మొత్తం ఇరవై ఆరుగురం, అందులో ఏడుగురు పిల్లలు. వీటిని వింటేజ్ కార్లు అంటుంటారు కానీ ఆ లెక్కలోకి రావాలంటే యాభై ఏళ్ళు దాటాలి, మావేవీ దాటలేదు. పదిహేనేళ్ళు దాటిన బండికి ఫిట్‌నెస్ చేయించి ఐదేళ్ళకోసారి ఆర్సీ రెన్యువల్ చేయించుకుంటూ నడుపుకుంటున్న మామూలు మనుషులం. బ్యాంకు ఉద్యోగులు, ఒక హోమియో డాక్టరు గారు, స్టీల్ ప్లాంట్‌లో రిటైరైన ఇద్దరు, ఒక ఇంజనీరింగ్ కుర్రాడు.

పోయినసారి భీమిలి దాటి విజయనగరం వైపు వెళ్ళినప్పుడు ఒక పొరపాటు చేశాం. జోరుగా వెళ్ళే బళ్ళు ముందు వెళ్ళిపోయాయి, పద్మినిలు వెనకబడ్డాయి, గంటన్నర ఒకరి కోసం ఒకరు ఎదురుచూడటంతోనే సరిపోయింది, ఇద్దరి మధ్య మాటా మాటా కూడా వచ్చింది. అందుకని ఈసారి మా పద్మినినే ముందు పెట్టాం. 1089 సీసీ, గేరు రాడ్డు స్టీరింగ్ పక్కనే, నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే. అది ఎంత వేగంతో ఎక్కితే అందరూ అంతే. చివర్లో బొలెరో, దాంట్లో స్టెప్నీలు, జాకీలు, ఫ్యాన్ బెల్టులు, పాయింట్ల సెట్టు, క్లచ్ వైరు, రెండు క్యాన్ల నీళ్ళు. ఘాట్‌లో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు కాబట్టి ఎక్కడెక్కడ ఆగాలో కాగితం మీద రాసి ప్రతి కారులో ఒకటి పెట్టాం: శృంగవరపుకోట (ఎస్.కోట), టైడా, బొర్రా జంక్షన్, గాలికొండ. తప్పిపోతే తర్వాతి చోట కలవాలి, వెనక్కి తిరిగి వెతకొద్దు. ఈ ఒక్క కాగితం వల్ల రెండు రోజులూ టెన్షన్ లేకుండా గడిచింది.

శనివారం తెల్లవారుజామున ఐదింటికి పెందుర్తిలో పెట్రోలు పోయించుకుని బయల్దేరాం. కొత్తవలస దాటేసరికి తెల్లారింది. ఎస్.కోటలో టిఫిన్. బస్టాండు దగ్గర చిన్న హోటల్, బల్లలు ఐదే, కానీ ఇరవై ఆరుగురికీ ఇడ్లీ, పూరీ, ఉప్మా వేడిగా అరగంటలో పెట్టేశాడు. ఘాట్ ఎక్కేముందు తినడానికి ఇదే మంచి చోటు, ఇది దాటితే మళ్ళీ ఇంతమందికి ఒకేచోట టిఫిన్ దొరకడం కష్టం. అక్కడే అందరం బానెట్లు ఎత్తి నీళ్ళు, ఆయిలు చూసుకున్నాం. ఒక 800కి రేడియేటర్ హోస్ క్లిప్పు వదులుగా ఉంది, రెండు నిమిషాల పని. అది ఘాట్ మధ్యలో ఊడి ఉంటే సగం రోజు పోయేది.

టైడా దాకా ఎక్కడం చాలా బాగుంది. పొద్దున్నే కాబట్టి బస్సులు తక్కువ, చలిగాలికి ఇంజన్లు వేడెక్కలేదు. అంబాసిడర్ డీజిల్ కదా, నెమ్మదే కానీ రెండో గేరులో ఆ చప్పుడుతో ఒకే తీరున ఎక్కుతూ పోతుంటే వెనక 800లో ఉన్న పిల్లలు కిటికీలోంచి చేతులు ఊపుతూనే ఉన్నారు. మలుపుల్లో ఎదురు దిగే బళ్ళు ఎక్కేవాళ్ళకి దారివ్వాలి, అది నియమం, కానీ చాలామంది ఇవ్వరు. అందుకని ప్రతి మలుపులో హారన్ కొట్టి, కారుకీ కారుకీ మధ్య మూడు నాలుగు కార్ల పొడవు ఖాళీ ఉంచాం. ఆ ఖాళీ లేకపోతే వెనక వచ్చే బస్సు మొత్తం వరసని ఒకేసారి దాటాలని చూస్తుంది, అది చాలా ప్రమాదం.

బొర్రా గుహల దగ్గర మాత్రం తప్పు లెక్క వేశాం. గుహలు చూడాల్సినవే, ఆ సున్నపురాయి గోడలు, పైనుంచి వేలాడే రాతి ఊడలు, లోపలి చల్లదనం, పైన కిరండూల్ లైను రైలు పట్టాలు ఉన్నాయన్న ఆలోచన, అన్నీ కలిపి పిల్లలు నోరు తెరుచుకుని చూశారు. కానీ శనివారం పదకొండింటికి తొమ్మిది కార్లతో వెళ్ళకూడదు. జంక్షన్ నుంచి లోపలికి వెళ్ళే రోడ్డు సన్నం, పార్కింగ్ దగ్గర వరస ఆగిపోయింది, ఆగుతూ కదులుతూ ఇరవై ఐదు నిమిషాలు. ఎండలో ఇంజను నడుస్తూ నిలబడితే పద్మినికి ఏమవుతుందో పాత కార్లవాళ్ళకి తెలుసు. పెట్రోలు పంపు ఇంజను మీదే ఉంటుంది, ఆ వేడికి పైపులో పెట్రోలు ఆవిరైపోయి కార్బొరేటర్‌కి అందదు. బండి ఆగిపోయింది, ఎంత సెల్ఫ్ కొట్టినా లేవదు. తువ్వాలు తడిపి పంపుకి చుట్టి, నీళ్ళు పోస్తూ పది నిమిషాలు ఆగితే లేచింది. మా నాన్నగారు చేసిన పనే, నేను చిన్నప్పుడు పక్కన నిలబడి చెంబు అందించేవాణ్ణి. ఈసారి మా అమ్మాయి సీసా పట్టుకుంది.

ఇంకోసారైతే బొర్రా తెరిచే వేళకే అక్కడ ఉండేలా చూసుకుంటాం, లేదా కార్లు జంక్షన్ దగ్గర ఎక్కడైనా పెట్టి జీపులో వెళ్తాం. ఇంకా మంచిదేమిటంటే బొర్రాకి రైల్లో వెళ్ళి కార్ల ట్రిప్పులో దాన్ని వదిలేయడం.

అనంతగిరి దాటాక గాలికొండ. దృశ్యం గొప్పగా ఉంటుంది, కానీ రోడ్డు అంచున బళ్ళు ఆపి జనం ఫొటోలకి రోడ్డు మధ్యకి వచ్చేస్తారు. మేం ఐదు నిమిషాలే ఆగాం. దాని బదులు సుంకరిమెట్ట దగ్గర కాఫీ తోటల్లో ఆగడం నాకు నచ్చింది. సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలకి ఎర్రటి పళ్ళు, నీడలో బళ్ళన్నీ ఒక గంట చల్లబడ్డాయి. రోడ్డు పక్కన ఒక అమ్మ కాఫీ ఇచ్చింది. పాలు తక్కువ, ఘాటు ఎక్కువ. రెండోసారి కూడా అడిగి తాగాం.

ఇక బస. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే డబ్బు ఎక్కువ పోయింది, చిరాకు ఎక్కువ వచ్చింది ఇక్కడే. అరకులో టూరిజం వాళ్ళ హరిత వ్యాలీ, మయూరి ఉన్నాయి, ఈ కాలంలో శని ఆదివారాలకి చాలా ముందే బుక్ చేసుకోవాలి, మేం ఆలస్యం చేశాం. అందుకని ఒక ప్రైవేటు లాడ్జిలో పది రూములు ఫోన్లో మాట్లాడుకుని సగం డబ్బు ముందే పంపాం. "పది కార్లు పడతాయి సార్, ఏం పర్లేదు" అన్నాడు. వెళ్ళి చూస్తే గేటు లోపల నాలుగు కార్లకి జాగా, మిగతావి రోడ్డు మీద పెట్టుకోమంటున్నాడు. రాత్రంతా రోడ్డు మీద, తాళాలు గట్టిగా పడని పాత కార్లు! మా అంబాసిడర్ పెద్దాయన "నేను కారులోనే పడుకుంటాను బాబూ" అన్నారు, నిజంగానే అన్నారు. ఆయనకి అరవై ఎనిమిదేళ్ళు. లాడ్జివాడు అడ్వాన్సు వెనక్కి ఇవ్వనన్నాడు. గంటసేపు మాట్లాడితే ఐదు రూముల అడ్వాన్సు వెనక్కి ఇచ్చాడు.

మిగతా ఐదు రూములకి ఊరికి కాస్త దూరంలో పొలాల పక్కన ఒక చిన్న కాటేజీల చోటు దొరికింది. గదులు సాదా, టీవీ లేదు, వేడినీళ్ళు కట్టెల బాయిలర్ మీద కాచి బకెట్లలో తెచ్చిస్తారు. కానీ ముందు పెద్ద ఖాళీ స్థలం, గేటు, రాత్రి కాపలా ఒక మనిషి. లాడ్జిలో రూముకి 2,800 తీసుకున్నారు, ఇక్కడ 1,600. సాయంత్రానికి లాడ్జిలో ఉన్నవాళ్ళు కూడా కార్లు తెచ్చి ఇక్కడే పెట్టారు, భోజనాలు ఇక్కడే చేశారు, నిద్రకి మాత్రం అక్కడికి నడిచి వెళ్ళారు. గుంపు యాత్రకి నేను మొదట అడిగేది ఇకనుంచి పార్కింగ్ ఫొటో. ఫోన్లో మాట కాదు, గేటు లోపలి ఖాళీ స్థలం ఫొటో వాట్సాప్‌లో పంపమంటాను, తర్వాతే రూము సంగతి.

ఆ ఖాళీ స్థలం చుట్టూ వలిసె పూల చేలు. పసుపుపచ్చగా, ఎండ వాలుతుంటే ఇంకా పసుపుపచ్చగా, వాటి ముందు తొమ్మిది కార్లు వరసగా. ఊళ్ళో పిల్లలు వచ్చి కాంటెస్సా చుట్టూ తిరిగారు, ఒకబ్బాయి స్టీరింగ్ పట్టుకుని చాలాసేపు దిగలేదు. పక్క ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దాయన తాను ఒకప్పుడు ఈ ఘాట్‌లో అంబాసిడర్ టాక్సీ నడిపానని చెప్పి, మా అంబాసిడర్ చప్పుడు విని "వాల్వులు చూపించండి" అన్నాడు. సోమవారం చూపిస్తే, ఆయన చెప్పింది నిజమేనని తేలింది.

భోజనం: బొంగు చికెన్ రోడ్డు మీద ప్రతిచోటా దొరుకుతుంది, రుచి ఒకలా ఉండదు. మాకు కాటేజీ వాళ్ళు మధ్యాహ్నమే చెప్పించుకుని మా ముందే వెదురు బొంగుల్లో కూరి కాల్చారు, అది చాలా బాగుంది. రోడ్డు పక్కన ముందే కాల్చి మళ్ళీ వేడిచేసి ఇచ్చేది వద్దు. గిరిజన మ్యూజియం, పద్మాపురం తోట పిల్లలకి సరిపోతాయి, రెండూ కలిపి రెండు గంటలు చాలు.

రాత్రి ఒక పెద్ద చర్చ. పాడేరు దగ్గర వంజంగి కొండ మీంచి మేఘాలు చూడాలని కుర్రాళ్ళ కోరిక. తెల్లారేలోపు అక్కడ ఉండాలంటే అరకు నుంచి మూడింటికి బయల్దేరాలి, చీకట్లో, మంచులో. పద్మినిల లైట్లతో అది కుదరదని నేను గట్టిగా చెప్పాను. చివరికి జిప్సీ, బొలెరో మాత్రమే వెళ్ళాలి, మిగతావాళ్ళు టిఫిన్ చేసి పాడేరులో కలవాలి అని తేల్చాం. నేను జిప్సీ వెనక సీట్లో కూర్చున్నాను, మా తమ్ముడు పద్మిని తెచ్చాడు. మంచు ఎంతుందంటే కొన్నిచోట్ల ముందు పది అడుగులు కూడా కనపడలేదు. రాజమండ్రి నుంచి పాడేరు, అరకు మీదుగా విజయనగరం వెళ్ళే 516ఈ రహదారి ఇది, మేం వెళ్ళినప్పుడు అక్కడక్కడ పని జరుగుతోంది, మంచులో ఆ మట్టి కుప్పలు దగ్గరికొచ్చేదాకా తెలియవు. వంజంగిలో కింద బళ్ళు ఆపి, పైకి కొంత జీపులో, మిగతాది నడక. కొండ మీద నిలబడ్డాక కింద మేఘాలు పాలసముద్రంలా పరుచుకుని, సూర్యుడు వాటిలోంచి లేస్తుంటే ఎవ్వరూ మాట్లాడలేదు. వెళ్ళాల్సిన చోటే. కానీ దారి పొడవునా నీళ్ళ సీసాలు, చిప్స్ కవర్లు చూసి నాకు నిజంగా కడుపు మండింది. మావాళ్ళు రెండు సంచులు నింపి కిందికి తెచ్చారు. నా సలహా: వంజంగి కోసమైతే పాడేరులోనే రాత్రి ఉండండి, అరకు నుంచి చీకట్లో రావద్దు.

పాడేరు వచ్చే దారిలో ఉన్న చాపరాయి మిగతావాళ్ళు చూశారు, నీళ్ళు బాగున్నాయట, పాచి పట్టిన రాళ్ళ మీద పిల్లల్ని దింపలేదట. పాడేరులో అందరం కలిసి పదింటికి మాడుగుల వైపు ఘాట్ దిగడం మొదలుపెట్టాం.

ఇక్కడే భయపడిన సంఘటన. సగం దిగాక నా వెనక ఉన్న 800 హారన్ ఆగకుండా కొడుతోంది. ఇంజనీరింగ్ కుర్రాడిది. పక్కకి ఆపి చూస్తే ముందు చక్రాల దగ్గర కాలిన వాసన, పెడల్ నేలదాకా వెళ్ళిపోతోంది. పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో దిగుతున్నాడట, అంటే ఆ దిగుడంతా బ్రేకు మీదే. ఎవరో చెప్పారని చేశాడు. వాడి మీద ఎవరూ అరవలేదు, తప్పు మాది కూడా, ఎక్కేముందు అన్నీ చెప్పాం కానీ దిగేటప్పుడు ఏ గేరులో దిగాలో చెప్పలేదు. ఎక్కిన గేరులోనే దిగాలి, బండిని ఇంజనే పట్టి ఉంచాలి, బ్రేకు మలుపు దగ్గర మాత్రమే. వేడి చక్రాల మీద నీళ్ళు పొయ్యకుండా, పెద్ద రాళ్ళు అడ్డుపెట్టి, ముప్పావుగంట వదిలేశాం. పెడల్ మళ్ళీ గట్టిపడింది. తర్వాత ఆ బండిని మా స్టీల్ ప్లాంట్ బాబాయిగారు తీసుకుని రెండో గేరులో నెమ్మదిగా దించారు, కుర్రాడు పక్క సీట్లో కూర్చుని చూశాడు. వడ్డాది దగ్గర చదును వచ్చేదాకా నా గుండె కుదుటపడలేదు.

చోడవరంలో భోజనం చేసి, బెల్లం కొని, సాయంత్రం నాలుగున్నరకి విశాఖ చేరాం. పెట్రోలు, బస, తిండి అన్నీ కలిపి మనిషికి సుమారు 2,900 పడింది. మంగళవారం ఆ 800 బ్రేకులు విప్పించారు, ముందు ప్యాడ్లు నల్లగా మాడి గాజులా మెరుస్తున్నాయి. నాలుగూ మార్చారు, బ్రేకు ఆయిలు కూడా. ఆ పాత ప్యాడ్లు కుర్రాడు దాచుకున్నాడు, వచ్చే సమావేశానికి తెచ్చి అందరికీ చూపిస్తానన్నాడు.

జనవరిలో మారేడుమిల్లి అనుకుంటున్నాం. ముందు మళ్ళీ పద్మినే. గేటు లోపల తొమ్మిది కార్లు పట్టే బస అక్కడ ఎవరికైనా తెలిస్తే చెప్పండి, రూములు ఎలా ఉన్నా సర్దుకుంటాం.