పేమెంట్ ఏపీఐలో ఐడెంపొటెన్సీ కీ: చాలాకాలం వాడిన తరువాత

మా సభ్యత్వ వెబ్‌సైట్‌లో కార్డు చెల్లింపుల కోసం ఒక హోస్టెడ్ పేమెంట్ సేవను చాలాకాలంగా వాడుతున్నాము. దాని డాష్‌బోర్డు గురించీ, లైబ్రరీల గురించీ ఇప్పటికే ఎందరో రాశారు కాబట్టి వాటి జోలికి పోను. నేను రాయదలచుకున్నది ఐడెంపొటెన్సీ కీ గురించి, అంటే ఒకే చెల్లింపు రిక్వెస్టు మళ్లీ వెళ్లినా డబ్బు ఒక్కసారే వసూలయ్యేలా చూసే గుర్తు గురించి. ఇంతకాలం ఆ సేవను వదలకుండా ఉండడానికి నా వరకు అదే అసలు కారణం.

వెబ్‌లో కంప్యూటర్లు సమాచారం ఇచ్చిపుచ్చుకునే పద్ధతి అయిన హెచ్‌టీటీపీలో గెట్, పుట్, డిలీట్ అనే రకాల రిక్వెస్టులను ఎన్నిసార్లు పంపినా సర్వర్‌పై ఉద్దేశించిన ఫలితం ఒక్కటేనని 2022 నాటి ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 9110 చెబుతుంది. పోస్ట్ అనే మరో రకానికి ఆ హామీ లేదు, డబ్బు వసూలు చేసే రిక్వెస్టేమో సాధారణంగా పోస్టే. అందుకే ఒక్కో వసూలుకు మనమే ఒక ప్రత్యేకమైన కీని తయారుచేసి హెడర్‌లో, అంటే రిక్వెస్టుకు జోడించే అదనపు సమాచారంలో, పంపితే, అదే కీతో మళ్లీ వచ్చిన రిక్వెస్టును సేవ కొత్త వసూలుగా లెక్కించకుండా, మొదట ఇచ్చిన జవాబునే తిరిగి పంపుతుంది.

దీని విలువ నాకు పూర్తిగా తెలిసింది నెలవారీ రెన్యూవల్స్ నడుస్తున్న ఒక రాత్రి. సేవ ఉన్నట్టుండి బాగా నెమ్మదించింది, వారి స్టేటస్ పేజీ మాత్రం చాలాసేపు అంతా సవ్యంగానే ఉందని చూపింది. మావైపు టైమౌట్ 30 సెకన్లు. ఆ గడువు దాటగానే కనెక్షన్లు తెగిపోయాయి, అటువైపు కార్డు నుంచి డబ్బు తీసుకున్నారో లేదో తెలిసే దారి లేకపోయింది. రాలేదనుకొని మళ్లీ పంపితే సభ్యులకు రెండుసార్లు కోత పడవచ్చు, వచ్చిందనుకొని ఊరుకుంటే సభ్యత్వం లెక్క తప్పవచ్చు. మేము కీని రిక్వెస్టు పంపడానికి ముందే ఇన్‌వాయిస్‌తో పాటు డేటాబేస్‌లో భద్రపరుస్తాము. కాబట్టి పంపవలసిన రిక్వెస్టులను వరుసలో ఉంచే మా క్యూ అవే కీలతో, ప్రయత్నానికీ ప్రయత్నానికీ మధ్య విరామాన్ని రెట్టింపు చేస్తూ, అందులో కొంత హెచ్చుతగ్గులు కలుపుతూ మళ్లీ పంపింది. మొదట కొన్నింటికి 409 అనే లోపం కోడ్ వచ్చింది, అంటే పాత రిక్వెస్టు అక్కడ ఇంకా నడుస్తోందన్నమాట. తరువాత ఒక్కొక్కటిగా, పని సఫలమైందని చెప్పే 200లు రాసాగాయి. లాగ్ తెరిచి చూస్తే జవాబులోని ఛార్జ్ నమోదైన సమయం మా మొదటి ప్రయత్నం నాటిది, పైన హెడర్లలో ఇది భద్రపరచిన జవాబేనన్న గుర్తు. మరునాడు సేవ వసూలు చేసి మాకు జమ చేసిన మొత్తాల జాబితా అయిన సెటిల్‌మెంట్ నివేదికను ఇన్‌వాయిస్‌లతో సరిచూస్తే ఏ ఒక్కరికీ రెండోసారి కోత పడలేదు. ఆ నివేదిక చివరి వరుస దాకా చూశాక కలిగిన నిశ్చింత మరే ఫీచర్ వల్లా నాకు కలగలేదు.

అయితే కీని సేవ గుర్తుంచుకునేది 24 గంటలే. వారాంతంలో నిలిచిపోయిన క్యూను సోమవారం తిరిగి నడిపితే అదే కీ కొత్త కీ కిందే లెక్క, రక్షణ ఉండదు. అంతకన్నా ఇబ్బందికరమైనది 500 లోపం, అంటే సర్వర్ లోపలే ఏదో విఫలమైందన్న జవాబు. సేవ ఒకసారి 500 ఇస్తే దాన్నే భద్రపరచి, అదే కీకి మళ్లీ మళ్లీ అదే చూపుతుంది. అప్పుడు కొత్త కీ తీసుకోక తప్పదు, కానీ అంతకుముందు మన ఇన్‌వాయిస్ సంఖ్యతో వారి రికార్డుల్లో వసూలు జరిగిందో లేదో వెతకాలి. ఇంత కీలకమైన విషయానికి డాక్యుమెంటేషన్‌లో ఒక్క వాక్యమే కేటాయించడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఇక ఏదైనా జరిగినప్పుడు వారి సర్వర్ మన సర్వర్‌కు తనంతట తానే పంపే సందేశాలకు, అంటే వెబ్‌హుక్‌లకు, ఈ కీ వర్తించదు. ఒకే ఈవెంట్ రెండుసార్లు రావచ్చు, వరుస తప్పి కూడా రావచ్చు. అందుకని మా డేటాబేస్‌లో ఒకే ఈవెంట్ ఐడీ రెండుసార్లు నమోదు కాకుండా యూనిక్ నిబంధన పెట్టి, రెండో ప్రతిని మేమే వదిలేస్తున్నాము.

మాది చిన్న బృందం, వసూళ్లు ముందే తెలిసిన తేదీల్లో జరుగుతాయి, ఏదైనా ఆగినా అదే రోజు చూసేవారు ఉంటారు. ఈ పరిస్థితుల్లో 24 గంటల గడువు మాకు సరిపోయింది. చెల్లింపులను రోజుల తరబడి క్యూలో ఉంచవలసినవారికి ఇదే సేవను నేను ఇంత ధైర్యంగా సిఫారసు చేయలేను. కీ ఎంతకాలం నిలుస్తుందో, 500 వచ్చినప్పుడు ఏమవుతుందో అలాంటివారు ఒప్పందానికి ముందే రాతపూర్వకంగా తెలుసుకోవడం మంచిది.