ఆరేళ్లు వాడాక ఈమ్స్ కుర్చీ గురించి: తోలు కంటే ముందు రబ్బరు చూడండి

చెన్నై కీల్పాక్‌లో ఫ్లాట్ ఖాళీ చేస్తున్న ఒక పెద్దాయన దగ్గర ఆరేళ్ల కిందట ఈ కుర్చీ కొన్నాను. ఈమ్స్ లాంజ్ చైర్, కాళ్లు చాపుకునే ఒట్టోమన్‌తో సహా. నల్ల తోలు, వాల్‌నట్ చెక్క. అప్పటికే దాని వయసు పదిహేనేళ్లు. ధర రెండు లక్షలు దాటింది. పాత కుర్చీకి ఇంత డబ్బా అని నాన్న వారం రోజులు నాతో ముభావంగానే ఉన్నారు.

కూర్చోగానే తెలిసేది వాలు. సీటు 15 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది, అది మారదు, పడుకోబెట్టే మీట లేదు. బరువు నడుము మీద ఒక్కచోట పడదు. గిండీ ఆఫీసులో రోజంతా కూర్చుని వచ్చిన నడుము పది నిమిషాల్లో తేలిక పడుతుంది. లాప్‌టాప్ పనికి మాత్రం వద్దు, మెడ పట్టేస్తుంది. సీటు నేలకి 15 అంగుళాల ఎత్తే. మోకాళ్ల నొప్పులున్న అమ్మ కూర్చుంటుంది గానీ, లేవాలంటే నా చెయ్యి పట్టుకోవాలి. పెద్దవాళ్ల కోసమైతే కొనకండి.

చార్లెస్, రే ఈమ్స్ దంపతులు దీన్ని 1956లో తెచ్చారు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నౌకాదళానికి, విరిగిన కాళ్లకు కట్టే ప్లైవుడ్ బద్దలు చేసిచ్చింది వాళ్లే. చెక్కను అలా ఒంచే విద్యే ఈ కుర్చీలోనూ ఉంది. 1958లో మన ప్రభుత్వానికిచ్చిన నివేదికలో వాళ్లు మన చెంబును మనసారా మెచ్చుకున్నారు. ఈ వీపు చెక్క మీద చెయ్యి వేసినప్పుడల్లా నాకు ఆ చెంబే గుర్తొస్తుంది.

చెన్నైలో తోలుకి అసలు శత్రువు నవంబరు. మొదటి ఏడాది వానలప్పుడు ఊరెళ్లి పది రోజుల తర్వాత తలుపు తీస్తే, కుట్ల వెంబడి పిండి చల్లినట్టు తెల్లటి బూజు. మెత్తటి పొడి గుడ్డతో తుడిచి, ఫ్యాన్ కింద రెండు రోజులు ఆరబెట్టాను. ఇప్పుడు కుర్చీని గోడకి జానెడు దూరంలో ఉంచుతున్నాను, వానాకాలంలో కుషన్లు ఊడదీసి గాలికి పెడుతున్నాను. సీటు కుషను, ఒట్టోమన్ కుషను ఒకటే కొలత. ఆరు నెలలకోసారి అటూ ఇటూ మారిస్తే రెండూ సమానంగా నలుగుతాయి.

నాలుగో ఏడు ఒక రాత్రి వెనక్కి ఆనుకోగానే టక్‌మని శబ్దం వచ్చింది, ఎడమ చేతి పక్క వీపు చెక్క జారింది. చేతి కుషను విప్పితే లోపల రబ్బరు బిళ్ల ఊడి ఉంది, దానికి అతుక్కుని సన్నటి చెక్క పొర. ఈ కుర్చీలో వీపుని మోసేది ఆ రబ్బరే. జిగురుతో అంటించి ఉంటుంది, ఏళ్లు గడిస్తే గట్టిపడి పట్టు వదిలేస్తుంది. ఇద్దరు కార్పెంటర్లు చెక్కకి చిల్లు పెట్టి బోల్టు బిగిస్తామన్నారు. ఒప్పుకోలేదు. బోల్టు వేస్తే సాగే గుణం పోయి, చెక్క అక్కడే చీలుతుంది. పెరంబూరులో ఉంటున్న నెల్లూరు మేస్త్రి ఒకాయన చూసి, "తోలుదేముంది సార్, చిరిగితే కుట్టుకోవచ్చు. చెక్క చీలితే ఎవడేం చేస్తాడు?" అన్నాడు. విదేశాల నుంచి కొత్త బిళ్లలు తెప్పించాను. పాత జిగురంతా గీకేసి, ఎపాక్సీతో అంటించి, ఒక రోజంతా క్లాంపు బిగించి ఉంచాడు. కుడివైపుదీ అప్పుడే మార్పించాను.

మీరు చూడబోయే కుర్చీలో తోలు మెరుపు చూసి మోసపోకండి. చేతి కుషన్లు విప్పించి, రబ్బరు మీద గోటితో నొక్కండి. రాయిలా ఉన్నా, అంచున పగుళ్లున్నా దాన్ని మార్చే ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. కుర్చీకి ఐదు కాళ్లు, ఒట్టోమన్‌కి నాలుగు ఉండాలి. వీపు వెనక్కి పడుకుంటుంటే అది నకలు.